ఎవరికి ఎంత తెలుసు? ఒక మామూలు ప్రేక్షకుడి సినిమా కబుర్లు
(ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం.

అధ్యక్షులవారు నన్ను పరిచయం చేస్తూ ‘సినీ విశ్లేషకులు’ అన్నారు. అది వారి మంచితనం. నేను విశ్లేషకుణ్ణి కాను. కెమెరా పట్టుకున్నవాణ్ణి కాను, ఏ పత్రికకూ సమీక్ష రాసినవాణ్ణీ కాను. తీరిక దొరికినప్పుడు సినిమా చూస్తాను. నచ్చితే నలుగురికి చెబుతాను, నచ్చకపోతే నలభైమందికి చెబుతాను. (నవ్వులు) నాకున్న అర్హత ఇంతే. కనుక ఇవాళ నేను చెప్పేదేదీ తీర్పు కాదు, అభిప్రాయం. మీకు నచ్చిన సినిమాని నేను ఏమైనా అంటే మనసులోనే తిట్టుకోండి, సభ మర్యాద దక్కుతుంది.

ఇంకో మాట ముందే చెప్పేయాలి. ఇవాళ చాలా సినిమాల కథలు బయటపెట్టేస్తాను, కొన్నిటి ముగింపులతో సహా. ‘కథ చెప్పేశాడు’ అన్న మాటకి స్నేహాలు చెడిపోతున్న రోజులివి, నాకు తెలుసు. అయినా చెబుతాను. ముగింపు తెలిస్తే చచ్చిపోయే సినిమాలు చాలా తక్కువని నా నమ్మకం. నా మాటలన్నీ ఆ నమ్మకం చుట్టూనే తిరుగుతాయి.

‘టైటానిక్’ తీసుకోండి. 1997లో వచ్చింది. ఓడ మునిగిపోతుందని టికెట్ కొన్న ప్రతివాడికీ తెలుసు. 1912లోనే మునిగిపోయింది, దాచడానికేముంది? అయితే జేమ్స్ కామెరాన్ అంతటితో ఊరుకోలేదు. సినిమా మొదట్లోనే, ఓడ శకలాల కోసం వెతికేవాళ్ళు ముసలి రోజ్‌కి కంప్యూటర్ మీద ఒక బొమ్మ వేసి చూపిస్తారు. మంచుకొండ ఇక్కడ తగిలింది, నీళ్ళు ఒక గదిలోంచి ఇంకో గదిలోకి ఇలా పొర్లాయి, ముందుభాగం ఇలా దిగింది, వెనకభాగం ఇలా లేచింది, ఇక్కడ విరిగింది. ఆ చెప్పే అతను ఏదో యంత్రం పనితీరు వివరిస్తున్నంత హుషారుగా చెబుతాడు. అప్పుడు మనకి అదొక బొమ్మ, అంతే. 

తర్వాత రెండు గంటలకి ఓడ నిజంగా విరుగుతున్నప్పుడు, జనం రెయిలింగులు పట్టుకుని వేలాడుతున్నప్పుడు, ఇప్పుడేం జరుగుతోందో తర్వాత ఏం జరగబోతోందో మనకి అంగుళం అంగుళం తెలుసు. ఓడలో ఉన్నవాళ్ళకి తెలియదు. ‘ఇప్పుడు లేస్తుంది, ఇప్పుడు విరుగుతుంది’ అని మనం లోపల లెక్కపెట్టుకుంటూ ఉంటాం. ఆ బొమ్మ ముందు చూపించకపోతే ఆ చీకట్లో, ఆ గందరగోళంలో మనకి సగం అర్థమయ్యేది కాదు. ఆ సినిమాలో ప్రేమకథ నాకు మామూలుగానే అనిపించింది. సంభాషణలైతే కొన్నిచోట్ల ఇబ్బందిగానే ఉంటాయి. కానీ ఆ కంప్యూటర్ బొమ్మ పెట్టిన బుర్రకి మాత్రం దండం పెట్టాలి.

అక్కణ్ణించి నాకో అలవాటైంది. ఏ సినిమా చూస్తున్నా ‘ఈ నిమిషంలో ఎవరికి ఎంత తెలుసు?’ అని చూసుకుంటాను. తెర మీద వాళ్ళకి ఏం తెలుసు, మనకి ఏం తెలుసు, ఒకరికి తెలిసి ఇంకొకరికి తెలియనిదేమిటి. ఉత్కంఠ సినిమాలకి పేరుపడ్డ దర్శకుడు హిచ్‌కాక్ ఈ సంగతే ఫ్రెంచి దర్శకుడు త్రూఫోతో మాట్లాడుతూ బల్లకింద బాంబు ఉదాహరణతో చెప్పారు. బాంబు ఉందని ప్రేక్షకుడికి ముందే తెలిస్తే పావుగంట ఉత్కంఠ, తెలియకుండా పేలితే పదిహేను క్షణాల ఉలికిపాటు. అది పెద్దలు చెప్పిన సూత్రం. కానీ అది ఉత్కంఠకే కాదు, నవ్వుకీ ఏడుపుకీ కూడా అంతే పనిచేస్తుందని నాకు తర్వాత్తర్వాత తోచింది.

నవ్వు సంగతికొస్తే ‘మాయాబజార్’ దగ్గర ఆగకుండా పోలేం. 1957. కె.వి. రెడ్డిగారి దర్శకత్వం, పింగళి నాగేంద్రరావుగారి మాటలు. శశిరేఖ స్థానంలో ఘటోత్కచుడు శశిరేఖ రూపంలో వచ్చి కూర్చుంటాడు. ఈ రహస్యం కృష్ణుడికి తెలుసు, మనకి తెలుసు. బలరాముడికి తెలియదు, రేవతికి తెలియదు, పాపం లక్ష్మణకుమారుడికి అసలే తెలియదు. ఇక్కడే సావిత్రిగారు చేసిన పని చూడండి. ఆమె శశిరేఖగా నటించడం లేదు. శశిరేఖలా నటిస్తున్న ఘటోత్కచుడిగా నటిస్తున్నారు. ఎవరైనా చూస్తుంటే ఆడపిల్ల, చూపు తిప్పుకుంటే ఎస్వీ రంగారావుగారు! నడక మారుతుంది, భుజం మారుతుంది, కనుబొమ్మ లేస్తుంది. ‘అహ నా పెళ్ళియంట’ పాటలో సుశీలగారి గొంతు మధ్యలో ఘంటసాలగారి గొంతు ఉరుములా వచ్చి పడుతుంది. రహస్యం తెలియని ప్రేక్షకుడికి ఆ పాట అర్థమే కాదు. తెలిసినవాడు పొట్ట చెక్కలయ్యేలా నవ్వుతాడు.

అదే కథని ఇవాళ ఎవరైనా తీస్తే ఏం చేస్తారో నాకు భయం. పెళ్ళి పీటలదాకా దాచిపెట్టి, చివర్లో ‘ఆమె శశిరేఖ కాదు!’ అని పెద్ద చప్పుడుతో బయటపెడతారేమో. (నవ్వులు) ఒక్క క్షణం ఉలిక్కిపడతాం. దానికోసం ముప్పావుగంట నవ్వు పోగొట్టుకుంటాం. 

అన్నట్టు, ఆ సినిమాలో పాండవులు తెర మీద కనిపించరన్న సంగతి చాలామంది గమనించి ఉండరు. అభిమన్యుడు ఉంటాడు, సుభద్ర ఉంటుంది, ఘటోత్కచుడు ఉంటాడు. తండ్రులు మాత్రం కనిపించరు. మూడు గంటల సినిమాలో మనకి ఆ వెలితి తెలియనే తెలియదు.

‘మిస్సమ్మ’ కూడా ఈ జాతిదే, 1955లో వచ్చింది. పెళ్ళికాని ఇద్దరు ఉద్యోగం కోసం మొగుడూపెళ్ళాలమని చెప్పుకుంటారు. మేరీయే ఆ ఇంటివాళ్ళు పోగొట్టుకున్న మహాలక్ష్మి అని మనం చాలా ముందే పసిగట్టేస్తాం. నాగేశ్వరరావుగారి డిటెక్టివ్ రాజు మాత్రం కాలి మీద పుట్టుమచ్చ కోసం తిప్పలు పడుతూనే ఉంటాడు. మనకన్నా వెనకబడిన డిటెక్టివ్‌ని చూడటంలో ఉన్న సుఖమే వేరు.

ఇక ఏడుపు.

చాప్లిన్ ‘సిటీ లైట్స్’ 1931లో వచ్చింది. అప్పటికే సినిమాలు మాట్లాడుతున్నాయి, ఆయన మాత్రం మాటలు వద్దన్నారు. కథ మీకు తెలిసే ఉంటుంది. పూలమ్మే గుడ్డిపిల్ల ఒక దేశదిమ్మరిని కోటీశ్వరుడనుకుంటుంది. ఇప్పుడు చిక్కేమిటంటే, ఆ పిల్లకి కళ్ళు లేవు, సినిమాకి మాట లేదు. ఆమె పొరపాటుపడాలి, ఆ పొరపాటు మనకి అర్థమవాలి. ఎలా? దీనికోసం చాప్లిన్ నెలల తరబడి కొట్టుకున్నారు. ఆ ఒక్క సన్నివేశాన్ని వందలసార్లు తీశారు. చివరికి దొరికిన జవాబు కారు తలుపు. పోలీసుని తప్పించుకోవడానికి ఆగివున్న ఖరీదైన కారులోకి ఒక పక్కనుంచి ఎక్కి ఇంకో పక్కనుంచి దిగుతాడు. తలుపు మూసుకున్న చప్పుడు ఆ పిల్ల వింటుంది. మనం వినం, మూకీ సినిమా కదా! మనకి తలుపు కనిపిస్తుంది, ఆమెకి వినిపిస్తుంది. సినిమా మొత్తం ఆ తలుపు మీద నిలబడింది. చివర్లో కళ్ళు వచ్చిన పిల్ల, తన కొట్టు ముందు నిలబడ్డ చిరుగుబట్టల మనిషిని చూసి నవ్వుతుంది. అతనెవరో మనకి తెలుసు. జాలిపడి చేతిలో నాణెం పెట్టబోతూ అతని చెయ్యి తాకుతుంది. అంతదాకా మనం ఒక్కళ్ళం మోసిన సంగతి అప్పుడు ఆమెకీ తెలుస్తుంది.

దీనికన్నా నాకు ఎక్కువ ఇష్టమైనది ఒకటుంది. మజీద్ మజీదీ తీసిన ఇరాన్ సినిమా, ‘చిల్డ్రన్ ఆఫ్ హెవెన్’, 1997. చెల్లెలి బూట్లు బాగుచేయించి తెస్తూ పిల్లవాడు పోగొట్టేస్తాడు. ఇంట్లో చెబితే నాన్న దగ్గర డబ్బు లేదని వాళ్ళకి తెలుసు. అందుకని అన్న బూట్లనే ఇద్దరూ మార్చి మార్చి వేసుకుంటారు. చెల్లెలు బడినుంచి పరుగున వస్తే అన్న సందులో ఎదురుచూస్తూ ఉంటాడు, బూట్లు మార్చుకుని అతను బడికి పరుగు. తర్వాత పరుగుపందెం. మూడో బహుమతి బూట్ల జత. వాడికి కావలసింది మూడో స్థానం. ఎంత కష్టపడ్డా, ఖర్మకాలి మొదటివాడుగా వస్తాడు! అందరూ భుజాల మీదికి ఎత్తుకుంటుంటే, ఫొటోలు తీస్తుంటే, ఏడుపు మొహంతో ఉంటాడు. ఆ మైదానంలో వాడెందుకు ఏడుస్తున్నాడో తెలిసినవాళ్ళు మనమే.

ఇంతవరకు అయితే మంచి సినిమా అని ఊరుకునేవాణ్ణి. మజీదీ ఇంకో చిన్న పని చేశారు. పిల్లవాడు వట్టి చేతులతో ఇంటికి చేరేలోపు, తండ్రి సైకిలు మీద వస్తున్న షాట్ ఒకటి వేశారు. సైకిలుకి ఉన్న సామానులో రెండు కొత్త జతల బూట్లు. అంతే, కొన్ని క్షణాలే. దాని మీద సంగీతం మోగదు, కెమెరా దగ్గరికి పోదు. పక్కకి తిరిగి ఎవరితోనైనా మాట్లాడుతుంటే తప్పిపోతుంది. ఇప్పుడు మనకి తెలుసు, పిల్లలకి తెలియదు. చెల్లెలు అన్న మొహం చూసి లోపలికి వెళ్ళిపోతుంది, వాడు బొబ్బలెక్కిన కాళ్ళు నీళ్ళ తొట్టిలో పెట్టుకుని కూర్చుంటాడు. సినిమా అక్కడ అయిపోతుంది. తండ్రి రావడం, పిల్లలు ఎగిరి గంతెయ్యడం చూపించనే చూపించలేదు. ఎందుకు చూపించాలి? మనకి తెలుసుగా. ఆ సంతోషం ఇంకా జరగలేదు, మనం మాత్రం దాన్ని ఇంటికి తీసుకెళ్ళిపోయాం. నా మట్టుకు నాకు ఇది సినిమాల్లో జరిగిన గొప్ప దొంగతనం.

సత్యజిత్ రాయ్ ‘పథేర్ పాంచాలీ’, 1955, ఇదే పనిని తిరగేసి చేస్తుంది. తండ్రి ఊరినుంచి తిరిగొచ్చి, తెచ్చిన వస్తువులన్నీ ఒక్కొక్కటే తీసి భార్యకి చూపిస్తాడు. కూతురు దుర్గకి చీర కూడా తెచ్చాడు. దుర్గ పోయిందని మనకి తెలుసు, ఆయనకి తెలియదు. ఆ చీర బయటికి రాకూడదని మనం కుర్చీ పట్టుకుని కూర్చుంటాం. వస్తుంది. తల్లి ఏడుపు మనకి వినిపించదు, ఆ చోట తార్ షెహనాయ్ అనే వాద్యం వినిపిస్తుంది. చాలామంది ఈ సన్నివేశం గురించే మాట్లాడతారు, న్యాయమే. నాకు మాత్రం దాని తర్వాతది ఇంకా పెద్దది. దుర్గ బతికున్న రోజుల్లో పూసలదండ దొంగతనం ఆమె మీద పడుతుంది, తను తియ్యలేదంటుంది. ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోయేటప్పుడు ఆ దండ తమ్ముడు అపు చేతికి దొరుకుతుంది. అప్పుడే వాడికీ మనకీ ఒకేసారి తెలుస్తుంది, ఒకే క్షణంలో. వాడు దాన్ని తీసుకెళ్ళి చెరువులో విసిరేస్తాడు. పైనున్న నాచు విడిపోయి మళ్ళీ దగ్గరకొస్తుంది. ఆ చిన్నపిల్లవాడు, మనం, ఆ రహస్యానికి భాగస్థులం. వాడు ఎవరికీ చెప్పడు.

(సభలో ఒకరు: మరి భయపెట్టే సినిమాలో?)

వస్తున్నానండీ. ‘సైకో’, 1960. సినిమా మొదలయ్యాక హాల్లోకి ఎవరినీ రానివ్వవద్దని హిచ్‌కాక్ థియేటర్లకి షరతు పెట్టారు. ఎందుకంటే పేరున్న కథానాయిక సగం కూడా కాకముందే చచ్చిపోతుంది. ఆలస్యంగా వచ్చినవాడు ఆవిడెప్పుడు వస్తుందా అని చివరిదాకా కూర్చుంటాడు! అయితే ఆవిణ్ణి కత్తితో చంపే ఆ స్నానాలగది సన్నివేశం గురించి లోకమంతా మాట్లాడేసింది, నేను కొత్తగా చెప్పేదేం లేదు. నన్ను పట్టుకున్నది ఆ తర్వాతది. ఆవిడ దిగిన లాడ్జి నడిపే కుర్రవాడు శవాన్ని కారులో పెట్టి ఊబిలోకి తోస్తాడు. కారు మెల్లగా దిగుతుంది, దిగుతూ దిగుతూ ఆగిపోతుంది. ఆ క్షణంలో నాకు ‘అయ్యో, మునగదేమో’ అని దిగులు పట్టుకుంది. ఎవరి పక్షాన ఉన్నాను నేను? ఇందాకే ఒక మనిషి చచ్చింది, ఆ శవం దాచడానికి నేను సాయం చేస్తున్నాను! సంగతి తెలిసినవాళ్ళం ఆ కుర్రవాడూ మనమే కాబట్టి మన మనసు అతని పక్కకి చేరిపోయింది. ఇలా ప్రేక్షకుణ్ణి నేరంలో భాగస్థుణ్ణి చెయ్యడం చూసి భయపడ్డాను. కత్తికి కాదు. 

ఆ సినిమా చివర ఒక డాక్టరుగారు వచ్చి అంతా విడమరిచి చెబుతారు. అది లేకపోతే ఎంత బావుండేదో. తెలిసిందంతా మళ్ళీ చెప్పడం.

‘జాస్’, 1975. నీళ్ళలో తిప్పడానికి చేయించిన యంత్రపు సొరచేప సముద్రపు ఉప్పునీటికి పనిచెయ్యడం మానేసింది. గత్యంతరం లేక స్పీల్‌బర్గ్ దాన్ని చూపించకుండానే చాలాభాగం తీశారు. సినిమా సగం దాటాకగానీ సొర మొహం సరిగ్గా కనబడదు. అంతదాకా అది వస్తోందని మనకి చెప్పేది సంగీతమే. జాన్ విలియమ్స్ రెండే స్వరాలు అటూ ఇటూ వాయిస్తే జనం కాళ్ళు పైకి పెట్టుకున్నారు. ఇందులో ఒక నిజాయితీ ఉంది, చూడండి. మధ్యలో ఇద్దరు ఆకతాయి పిల్లలు అట్టముక్కతో చేసిన సొర రెక్క పెట్టుకుని జనాన్ని బెదరగొడతారు. అప్పుడు ఆ సంగీతం రాదు! తెర మీద అందరూ పరుగులు పెడుతుంటే, చెవి పెట్టినవాడికి మాత్రం అది అబద్ధమని తెలుస్తుంది. ఇవాళ్టి దయ్యం సినిమాలు ఈ నిజాయితీని వదిలేశాయి. తలుపు తెరిస్తే ఢాం, పిల్లి దూకితే ఢాం. అది భయం కాదు, చప్పుడు.

నచ్చని సినిమా కూడా ఒకటి చెప్పాలి కదా. కుబ్రిక్ తీసిన అంతరిక్ష సినిమా ‘2001: ఎ స్పేస్ ఒడిస్సీ’, 1968. కోపం తెచ్చుకోకండి. మొదటి ఇరవై అయిదు నిమిషాలు ఎవరూ ఒక్క మాట మాట్లాడరు. అందమైన బొమ్మలే, కాదనను. కానీ అంతరిక్ష నౌకలు అలా తిరుగుతూనే ఉంటాయి, వాల్ట్జ్ సంగీతం మోగుతూనే ఉంటుంది, నా కళ్ళు మూతలు పడుతూనే ఉంటాయి. చివరి భాగంలో ఎవరికి ఏం తెలుసో నాకు తెలియలేదు. నాకే కాదు, తెలిసిందని చెప్పినవాళ్ళు తలా ఒకటి చెబుతారు. అయితే మధ్యలో ఒకచోట నిటారుగా లేచి కూర్చున్నాను. హాల్ అనే కంప్యూటర్ని ఆపెయ్యాలా అని ఇద్దరు వ్యోమగాములు చిన్న గదిలాంటి వాహనంలో దూరి, అన్ని మీటలూ కట్టేసి, తమ మాట బయటికి వినబడదని రూఢి చేసుకుని మాట్లాడుకుంటారు. నిజంగానే వినబడదు. మనకీ వినబడటం ఆగిపోతుంది. కెమెరా ఒకాయన పెదవుల మీద, తర్వాత ఇంకొకాయన పెదవుల మీద, అటూ ఇటూ తిరుగుతూ ఉంటుంది. అది కెమెరా కాదు, హాల్ కన్ను. పెదవుల కదలిక చదువుతోంది! ఒక్క మాట లేదు, ఒక్క వివరణ లేదు. ఆ రెండు నిమిషాలు నా అభిమాన దృశ్యాల్లో ఒకటి. అవి తీసిన మనిషే మిగతాదీ తీశాడంటే నా బుర్రకి అందదు.

ఇంతసేపూ చెప్పేసే సినిమాల గురించి మాట్లాడాను. దాచే సినిమాలన్నీ చెడ్డవని కాదు. దాచడంలోనూ తేడా ఉంది.

‘షోలే’, 1975. రెండు దాపరికాలున్నాయి అందులో. హోలీ రోజు బందిపోట్లు ఊరి మీద పడతారు. వాళ్ళని పట్టుకోవడానికి ఠాకూర్ పిలిపించిన జై, వీరూ ఇరుక్కుపోతారు. తుపాకీ ఠాకూర్ కాళ్ళ దగ్గర పడి ఉంటుంది. ఆయన వంగి తియ్యడు, అందించడు, శాలువా కప్పుకుని నిలబడి ఉంటాడు. పిరికివాడనుకుని ఇద్దరూ కోప్పడతారు, మనమూ కోప్పడతాం. తర్వాత తెలుస్తుంది, ఆయనకి చేతులు లేవని. రెండోది జై నాణెం. ఏ చిక్కు వచ్చినా బొమ్మా బొరుసా వేసి తేలుస్తాడు. వంతెన దగ్గర ఎవరు ఆగాలి, ఎవరు వెళ్ళాలి అన్నదీ అలాగే. అతను చచ్చిపోయాక వీరూ ఆ నాణెం చూస్తే రెండుపక్కలా ఒకటే బొమ్మ. 

ఇప్పుడు ఈ రెండూ తెలిసి మళ్ళీ సినిమా చూడండి. ఠాకూర్ కనబడిన ప్రతిసారీ మీ కళ్ళు శాలువా మీదే ఉంటాయి. జై నాణెం ఎగరేసినప్పుడల్లా, ఇది అదృష్టం కాదు, ఈ మనిషి ముందే నిర్ణయించుకున్నాడు అని తెలుస్తుంది. వంతెన దగ్గర వీరూని పంపించేసి తను ఆగడం మొదటిసారి దురదృష్టం, రెండోసారి త్యాగం. రహస్యం తెలిశాక సినిమా చిన్నది కాలేదు, ఇంకో సినిమా అయింది. దాచడం అంటే ఇలా దాచాలి. ముగింపు విషయానికొస్తే, ఠాకూర్ బందిపోటు నాయకుడు గబ్బర్‌ని మేకుల చెప్పులతో తొక్కి చంపేసేలా మొదట తీశారు. ఎమర్జెన్సీ రోజులు, సెన్సారు ఒప్పుకోలేదు, పోలీసులు వచ్చి ఆపినట్టు మార్చారు. నన్నడిగితే అసలు ముగింపే సరి. చేతులు లేని మనిషి అంత దూరం వచ్చాక పోలీసుల మాట విని ఆగాడంటే నమ్మబుద్ధి కాదు.

‘దృశ్యం’ సంగతి. జీతూ జోసెఫ్ మలయాళంలో 2013లో తీశారు, మరుసటి ఏడు శ్రీప్రియగారి దర్శకత్వంలో వెంకటేష్‌తో తెలుగులో వచ్చింది. అందులో హీరో నాలాంటివాడే! చదువు లేదు, రాత్రింబవళ్ళు సినిమాలు చూస్తాడు. చూసినవాటితోనే పోలీసు శాఖని తిప్పలు పెడతాడు. మామూలు ప్రేక్షకుడికి ఇంతకన్నా గౌరవం ఏ సినిమాలోనూ దక్కలేదు. (చప్పట్లు) చావు ఎలా జరిగిందో మనకి చూపించేశారు. అబద్ధం ఎలా అల్లారో కూడా చూపించేశారు. కండక్టరుకి, హోటలువాళ్ళకి ఫలానా రోజే తమని చూశామన్న నమ్మకం ఎలా కలిగించారో కూడా తర్వాత విప్పి చెప్పారు. ఒక్కటంటే ఒక్కటే దాచారు. భార్యాబిడ్డలకి కూడా తెలియకుండా దాచారు. అది మాత్రం నేను ఇక్కడ చెప్పను. (నవ్వులు) ముగింపులు చెబుతానని ఒప్పుకున్నమాట నిజమే గానీ, ‘కొన్నిటి’ అన్నాను, గుర్తుచేసుకోండి.

‘బాహుబలి’కి వస్తే, కట్టప్ప ప్రశ్న 2015 జూలైలో వేసి 2017 ఏప్రిల్లో జవాబు చెప్పారు. వ్యాపారంగా అద్భుతం. సినిమాగా చూస్తే నాకు జవాబు కన్నా శివగామి తొందరపాటు ముఖ్యమనిపించింది. కత్తి కట్టప్పది, ఆజ్ఞ ఆవిడది. ఆమె తప్పుదోవ పడుతున్న సంగతి మనకి ముందే తెలుసు, ఆమెకే తెలియదు. రెండో భాగంలో బరువంతా అక్కడే ఉంది. చంపడం దగ్గర కాదు.

నాకు పడనివి ఏవంటే, ఆఖరి పదినిమిషాల మలుపు కోసమే మిగతా రెండు గంటలూ నింపిన సినిమాలు. మలుపు తెలిశాక వాటిని మళ్ళీ చూడాలనిపించదు. పొడుపుకథ విప్పాక మళ్ళీ ఎవడు అడుగుతాడు? పేర్లు చెప్పను, అందులో మీ అభిమాన హీరోలవి ఉండొచ్చు.

చివరగా, చెప్పనే చెప్పని సినిమాలు. సిడ్నీ లూమెట్ మొదటి సినిమా ‘12 యాంగ్రీ మెన్’, 1957. గంటన్నరకి కొంచెం ఎక్కువ, దాదాపు అంతా ఒకే గదిలో. తండ్రిని చంపాడని ఒక కుర్రవాడి మీద కేసు. దోషా కాదా అని తేల్చాల్సింది పన్నెండుమంది మామూలు మనుషుల జ్యూరీ. పదకొండుమంది ‘దోషి’ అంటే ఒకడు ‘మాట్లాడుకుందాం’ అంటాడు. సినిమా అయిపోయేసరికి అందరూ నిర్దోషి అంటారు. సరే, కుర్రవాడు నిజంగా చంపాడా లేదా? తెలియదు. ఎవరికీ తెలియదు. హెన్రీ ఫోండా పాత్రకీ తెలియదు, సందేహం ఉందనే అంటాడు గానీ చంపలేదని అనడు. మామూలుగా ఇలాంటి ముగింపుకి నాకు ఒళ్ళు మండాలి. మండలేదు. కారణం, కుర్రవాడి సంగతి తెలియకపోయినా ఆ పన్నెండుమంది సంగతి మనకి పూర్తిగా తెలిసిపోతుంది. ఎవడు ఎందుకు కసిగా ఉన్నాడు, ఎవడికి ఆట చూడటానికి ఆలస్యమవుతోంది, ఎవడు సొంత కొడుకు మీద కోపం ఈ కుర్రవాడి మీద తీర్చుకుంటున్నాడు. ఇంత తెలిసినా వాళ్ళ పేర్లు తెలియవు! ఆఖర్న కోర్టు మెట్ల దగ్గర ఇద్దరు తమ పేర్లు చెప్పుకుని విడిపోతారు. అంతే.

గది కూడా సినిమా సాగేకొద్దీ ఇరుకైపోతున్నట్టు ఉంటుంది. మొదట్లో కెమెరా కంటి ఎత్తుకి పైన, తర్వాత కంటి ఎత్తులో, చివర్లో కిందనుంచి పెట్టారట, లెన్సులు కూడా మారుస్తూ పోయారట. నేను చూసినప్పుడు అదేం గమనించలేదు. ఉక్కపోసింది, అంతే గమనించాను.

ఒకే చావుని తలా ఒక రకంగా చెప్పే కురొసావా జపాన్ సినిమా ‘రషోమాన్’, 1950, చూసి అందరూ ‘సత్యం బహుముఖం’ అని గంభీరంగా చెబుతారు. నాకు గుర్తుండిపోయినది కత్తియుద్ధం. బందిపోటు చెప్పిన కథలో ఇద్దరూ వీరుల్లా పోరాడతారు. కట్టెలు కొట్టేవాడు చెప్పిన కథలో అదే యుద్ధంలో ఇద్దరికీ చేతులు వణుకుతాయి, పడతారు, పాకుతారు, ఒకణ్ణి చూసి ఒకడు జడుసుకుంటాడు. నేను ఆ కట్టెలవాడినే నమ్మాను. తర్వాత చూస్తే బాకు దొంగిలించిన సంగతి అతనూ దాచాడు! అయినా ఆ వణుకే నిజమని నా గట్టి నమ్మకం.

నాకిచ్చిన సమయం అయిపోయింది. ప్రశ్నలేమైనా ఉంటే అడగండి.

(ప్రశ్న: సినిమాకి ముందే ట్రైలర్లు కథంతా చెప్పేస్తున్నాయి. మీ లెక్క ప్రకారం అది మంచిదేనా?)

కాదండీ. సినిమా చెప్పడం వేరు, ట్రైలర్ చెప్పడం వేరు. సైకిలు మీది ఆ బూట్లని ముందుగా ట్రైలర్‌లో చూపిస్తే ఏమవుతుంది? పిల్లవాడు ఎవరో తెలియదు, వాడి అవసరం తెలియదు. ఎవరికో బూట్లు కొన్నారు, అంతే. ఏ సంగతైనా ఎప్పుడు తెలియాలన్నది దర్శకుడి చేతిలో ఉండాలి. ట్రైలర్ కత్తిరించేవాడి చేతిలో ఉంటే ఎలా?

(ప్రశ్న: రాజమౌళి ‘ఈగ’ మీ లెక్కలో ఎక్కడ నిలుస్తుంది?)

చాలా పైన. అసలు నేనే చెప్పాల్సింది. 2012లో వచ్చింది, పాపకి నాన్న చెప్పే కథలా మొదలవుతుంది. హీరో మొదట్లోనే పోతాడు, ఈగగా పుడతాడు. ఆ సంగతి మనకి తెలుసు, విలన్‌కి తెలియదు. చాలాసేపు వాడికి అది మామూలు ఈగ. చెవిలో రొద పెడుతోంది, నిద్ర పోనివ్వడం లేదు అనుకుంటాడు. కారు అద్దం మీద ‘చంపుతాను’ అని రాసినప్పుడుగానీ వాడికి సంగతి పూర్తిగా తలకెక్కదు. అక్కడిదాకా నవ్వు, అక్కణ్ణించి యుద్ధం. ఈగని కంప్యూటర్ మీద చేశారు, నిజమే. కానీ షూటింగులో ఎదురుగా ఏమీ లేకుండా, గాలిలోకి చూసి చిరాకుపడుతూ, తర్వాత జడుసుకుంటూ, చేతులు విసురుతూ నటించినది సుదీప్. అందరూ ఈగని పొగిడారు. నేనైతే ఆ సినిమాకి వచ్చిన పేరులో సగం ఆయనకే రాసిస్తాను.